లస్కరు నాన్నతో ఇస్సిక్‌కుల్ దాకా

ఆగస్టు మొదటి వారం, పొద్దున ఐదున్నర. విజయపురి సౌత్ బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కేటప్పటికి నా ఫోన్లో ఢిల్లీ దాకా పోయేవి కాక నాలుగు విమానం టిక్కెట్లున్నాయి. ఢిల్లీ నుంచి బిష్కెక్ పోవడానికి నాకొకటి, నాన్నకొకటి. తొమ్మిదో రోజు తిరిగి రావడానికి మళ్ళీ నాన్నకొకటి, నాకొకటి. అక్కడ చదువుకునే పిల్లకి తిరుగు టిక్కెట్టు ఎందుకని మీరడగవచ్చు. నాన్న నా చదువు మాన్పించి వెంట తీసుకొచ్చేద్దామని చూస్తున్నాడు, అందుకు.

నేను కిర్గిజ్‌స్థాన్‌లో ఎంబీబీఎస్ రెండేళ్ళు పూర్తి చేశాను. మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు నుంచి అక్కడికి వచ్చే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. రాబోయేవాళ్ళకీ, పంపబోయే అమ్మానాన్నలకీ పనికొస్తుందని ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను. కొంత నా తప్పు ఒప్పుకోవడానికి కూడా.

జనవరిలో అక్కడ నాకు న్యుమోనియా వచ్చింది. బయట మైనస్ పద్దెనిమిది. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంట్లో చెప్పలేదు. వీడియో కాల్ వస్తే "నెట్ లేదమ్మా" అని కట్ చేసి, మామూలు కాల్‌లో దగ్గు ఆపుకుంటూ మాట్లాడాను. ఏప్రిల్‌లో మా చర్చిలో ఒకావిడ, నా సీనియర్ వాళ్ళమ్మ, మా అమ్మని ఆపి "మీ కరుణకి ఇప్పుడెట్టా ఉందమ్మా, ఊపిరితిత్తులు బాగయినయ్యా?" అని అడిగేసింది. అమ్మ అక్కడే బెంచీ మీద కూలబడిందట.

నాన్న నాతో వారం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి, "జబ్బు చేసినందుకు కాదు నా బాధ. నాకు చెప్పకుండా దాచావు చూడు, అందుకు. సెలవులకి రా, తిరిగి పోయేటప్పుడు నేనూ వత్తా. నా కళ్ళతో చూత్తా. నాకు నమ్మకం కుదిరితే ఉంటావు, లేకపోతే నాతో పాటు వచ్చేత్తావు" అన్నాడు.

మా నాన్న సాగర్ కుడి కాలువ మీద లస్కరు. కాలువ గట్టున తిరుగుతూ గండ్లు పడకుండా, ఎవరూ దొంగతనంగా తూములు పెట్టకుండా కాపలా కాయడం ఆయన ఉద్యోగం. నీళ్ళు వదిలాక ఆయనకి పెళ్ళిళ్ళూ చావులూ ఏమీ ఉండవు. ఆ ఏడు ఇంకా కాలువకి నీళ్ళు వదల్లేదు కాబట్టి సెలవు దొరికింది.

బస్సు పదింటికి హైదరాబాదు చేర్చింది. మధ్యాహ్నం ఢిల్లీకి, మర్నాడు పొద్దున ఢిల్లీ నుంచి బిష్కెక్‌కి విమానాలు. అమ్మ కట్టిచ్చిన పులిహోర ఢిల్లీలోనే అయిపోయింది. నాన్నకి విమానం ఎక్కడం ఇదే మొదలు. కిటికీ సీటు నాకిచ్చి తను మధ్యలో కూర్చుని, మూడున్నర గంటలూ ముందు సీటు వీపు వైపే చూస్తూ వచ్చాడు.

అవతలి సీట్లో ఒక కిర్గిజ్ పెద్దావిడ. వచ్చీరాని ఇంగ్లీషులో పలకరించింది. ఢిల్లీలో గుండెకి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి పోతోందట. "మీ డాక్టర్లు దేవుళ్ళు" అంది. నేను తెలుగులో చెప్పాను. నాన్న విమానం ఎక్కాక మొదటిసారి నా వైపు తిరిగాడు.

"చూశావా, ఆళ్ళేమో వైద్యానికి మనకాడికొత్తన్నారు. నువ్వేమో వైద్యం నేర్చుకోటానికి ఆళ్ళకాడికి పోతన్నావు. ఇదేం లెక్కే?"

మనకాడ సీటు రాలేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. దాన్ని ఇంకోసారి నోటితో చెప్పడం ఎందుకని కిటికీ వైపు తిరిగాను.

బిష్కెక్‌లో దిగి గడియారం అరగంట ముందుకు తిప్పుకున్నాం. అక్కడి డబ్బు సోమ్. మన రూపాయికి అటూ ఇటూగా అంతే కాబట్టి కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. మా హాస్టలుకి దగ్గర్లో ఒక గదిలో దిగాం. మొదటి రెండు రోజులు నగరం చూపించాను. పెద్ద మైదానం, చుట్టూ పాలరాతి భవనాలు, గుర్రం మీద వీరుడి విగ్రహం. నాన్న వేటినీ తలెత్తి చూడలేదు. ఆయన కళ్ళన్నీ రోడ్డు పక్కనే ఉన్నాయి. బిష్కెక్‌లో చాలా వీధుల వెంట చెట్ల కింద పిల్లకాలువలు పారుతుంటాయి. మంచు కొండల నీళ్ళు. అక్కడక్కడా చిన్న రేకు తలుపులు, అవే షట్టర్లు. రెండేళ్ళుగా నేను వాటిని దాటుకుంటూ కాలేజీకి పోతున్నాను గాని ఒక్కసారీ వంగి చూసింది లేదు.

నాన్న రోడ్డు మీదే గొంతుక్కూర్చుని చెయ్యి పెట్టి చూశాడు. "పట్నం నడిమధ్యన కాలువా!" అన్నాడు. తర్వాత లేచి, "పూడిక తియ్యలా" అని పెదవి విరిచాడు. తొమ్మిది రోజుల్లో ఆ దేశం గురించి ఆయన ఇచ్చిన మొదటి తీర్పు అది.

రెండో రోజు ఓష్ బజారుకి తీసుకెళ్ళడం నా తెలివితక్కువ. ఎండు పళ్ళూ, బాదం, తేనె చూపించి మెప్పిద్దామనుకున్నాను. మలుపు తిరిగేసరికి మాంసం వరస వచ్చింది. బారెడు పొడుగు సాసేజీలు వేలాడుతున్నాయి. "ఇదేందే, ఏం మాంసం?" అని నాన్న అడిగాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను గాని పక్కనే బోర్డు మీద గుర్రం తల బొమ్మ ఉంది.

"గుర్రాన్ని తింటారా!" నాన్న నా చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. "నువ్వు తిన్నావా?"

"లేదు నాన్నా."

ఇది నిజమేనని అప్పటికి నేననుకుంటున్నాను.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి బస్టాండుకి పోయి బొకొన్‌బాయెవో అనే ఊరి వైపు పోయే వ్యాను ఎక్కాం. మార్ష్రూత్కా అంటారు దాన్ని. పదహారు సీట్లు, నిండితేగాని కదలదు. మనిషికి అయిదు వందల లోపే. ఇస్సిక్‌కుల్ అనే పెద్ద సరస్సు దక్షిణపు ఒడ్డున ఒక పల్లెకి మా ప్రయాణం. మా హాస్టల్లో నా పక్క గది అమ్మాయి ఐజాదా వాళ్ళ ఊరది. ఫార్మసీ చదువుతుంది, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. నాకు జబ్బు చేసినప్పుడు ఆసుపత్రిలో చేర్పించింది ఆ పిల్లే. రెండో నాడు వాళ్ళ నాయనమ్మ ఊరి నుంచి వచ్చి, నేను హాస్టలుకి చేరేదాకా నా మంచం పక్కనే కూర్చుంది. ఆవిణ్ణి నాన్నకి చూపిస్తే చాలు, నమ్మకం అదే కుదురుతుందని నా ఆశ.

ఐజాదా ముందు సీట్లో, మేం వెనక. నాన్న పక్కన తలకి రుమాలు కట్టుకున్న ముసలామె రొట్టె తుంచి ఆయన చేతిలో పెట్టింది. అడక్కుండానే. ఆయన జేబులోంచి అమ్మ చేసిన చెక్కలు తీసి ఆవిడకిచ్చాడు. ఆమె ఒకటి కొరికి, కారానికి కళ్ళెంట నీళ్ళొచ్చి, నవ్వి, ఇంకొకటి తీసుకుంది. ఆమె కిర్గిజ్‌లో, నాన్న తెలుగులో గంటసేపు మాట్లాడుకున్నారు. "ఆవిడికి నలుగురు పిల్లలంట" అని నాన్న నాకు చెప్పాడు. ఐజాదా చేత అడిగిస్తే నలుగురే.

మధ్యాహ్నం దాటాక కొండల సందులోంచి వ్యాను బయటపడింది. ఎడమ పక్కన నీళ్ళు. అవతలి ఒడ్డు లేదు. నీళ్ళ మీద తేలుతున్నట్టు మంచు కొండలు మాత్రం కనిపిస్తున్నాయి. నాన్న సీట్లోంచి సగం లేచి నిలబడ్డాడు. పుట్టినప్పట్నుంచీ సాగర్ జలాశయం చూస్తున్న మనిషి.

"ఎన్ని టీఎంసీలు?" అన్నాడు.

ఐజాదా ఊరి ముందు దిగి, సంచులు అక్కడే పడేసి ఒడ్డుకి పోయాం. నేను మోకాళ్ళ దాకా దిగాను. నాన్న దోసిలితో తీసి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "ఉప్పగా ఉన్నయ్యే!"

ఉప్పు తక్కువే గాని ఉంటుందని ఐజాదా చెప్పింది. చుట్టూ కొండల మీంచి వందకు పైగా వాగులు ఇందులోకి దిగుతాయి. ఇందులోంచి బయటికి పోయే ఏరు ఒక్కటీ లేదు. నేను తెలుగులో చెబుతుంటే నాన్న మొహం చూడాలి. చెప్పింది నిజమేనా అని మళ్ళీ అడిగించాడు.

"ఒక్క తూము కూడా లేదా? ఒక్క కాలవ లేదా? ఇన్ని నీళ్ళు ఎవురికీ ఇవ్వకుండా ఊరికే ఉంటయ్యా?"

"ఎండకి ఆవిరైపోతాయట నాన్నా."

ఆయన ఒడ్డున రాయి మీద చతికిలబడి చాలాసేపు లేవలేదు. చివరి భూములకి నీళ్ళందక రైతులు గొడ్డళ్ళతో షట్టర్ల మీదికి వచ్చిన రోజులు చూసినవాడు. నాకు ఆయన్ని చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆ సందట్లో నేను తడి బట్టల్తోనే గాలిలో తిరిగాను. సాయంత్రానికి గొంతు గరగరమంది. ఒళ్ళు కాస్త వెచ్చబడింది. బాత్రూములోకి పోయి పారాసిటమాల్ మింగి బయటికి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. అంతా చక్కగా జరుగుతున్నప్పుడు జ్వరం అన్నానంటే నా పెట్టె సర్దుకోవాల్సిందే.

ఐజాదా ఇంట్లో నాయనమ్మ నన్ను చూడగానే మొహమంతా తడిమింది. ఐజాదా అమ్మానాన్నలు రష్యాలో పనిచేస్తారు. ఇంట్లో ఉండేది నాయనమ్మ, ఇంటి కోడలు అంటే ఐజాదా అన్న భార్య, ఆవిడ చంటిపిల్ల. ఆరు గంటలకి నేల మీద గుడ్డ పరిచి చుట్టూ కూర్చోబెట్టారు. రొట్టెలు, మీగడ, ఆప్రికాట్ జామ్, నూనెలో వేయించిన పిండి ముక్కలు. గుడ్డ నిండిపోయింది. కోడలు టీ పోసింది. పిడి లేని పింగాణీ గిన్నెలు, ప్యాలాలంటారు. వాటి అడుగున పావు వంతు టీ.

నాన్న ఒక్క గుక్కలో తాగేశాడు. కోడలు మళ్ళీ పావు పోసింది. మళ్ళీ తాగాడు. మళ్ళీ పావే.

"ఏందే ఇది?" అన్నాడు నాన్న నెమ్మదిగా. "చిలకరిత్తన్నారేంది? పాలకి ఇబ్బందా?"

"ఏమో నాన్నా." నాకు నిజంగానే తెలియదు. రెండేళ్ళుగా ఆ దేశంలో ఉన్నా నేను తాగింది ఇండియన్ మెస్సులో స్టీలు గ్లాసు టీయే. ఆ ఇంటికి రావడం నాకూ మొదటిసారి.

మా ఇళ్ళలో సంగతి మీకు తెలుసు. గ్లాసు అంచు దాకా పోసి, ఒలికి సాసరులో పడితే ఇంకా మంచిది. వెలితిగా ఇస్తే వచ్చినవాళ్ళు గుమ్మం దాటాక ఏమనుకుంటారో అని మా అమ్మ తన గ్లాసులోది కూడా వంచేస్తుంది. నాన్న మొహం ముడుచుకుపోవడం నాకు కనబడుతూనే ఉంది. తన కూతురికి ఈ దేశంలో ఉన్న మర్యాద ఇంతేనని ఆయన లోపల్లోపల రాసుకుంటున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. తెల్ల గడ్డం, తెల్ల ఉన్ని టోపీ, చేతిలో బకెట్ నిండా ఆప్రికాట్లు. నాయనమ్మకి అన్నగారట, పేరు తుర్గున్. పక్క ఊరి నుంచి వచ్చాడు. నన్ను చూసి ఏదో అని తల మీద చెయ్యి వేసి, నా ఎదురుగా కూర్చున్నాడు. నాన్న ఆయన వయసుకి లేచి నిలబడి దండం పెట్టాడు. లోపల చంటిది ఏడిస్తే కోడలు లేచి వెళ్ళింది. టీ కూజా నాన్న చేతికి అందేంత దూరంలో ఉంది.

నేను ఆపలేదు. ఆపాలని తెలిస్తే కదా. నాన్న కూజా అందుకుని, పెద్దాయన ప్యాలా అంచు దాకా నింపాడు. ఒలుకుతుందేమో అన్నంత నిండుగా. రెండు చేతుల్తో పట్టుకుని, వంగి ఆయనకి అందించాడు. పల్నాడు మర్యాద ఏమిటో చూడండి అన్నట్టుగా ఉంది ఆయన మొహం.

నాయనమ్మ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. తుర్గున్ తాత ప్యాలా వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు. నెమ్మదిగా మొత్తం తాగాడు. రెండు అరచేతులు మొహం మీదుగా దించుకుని, టోపీ సర్దుకుని, లేచి, అందరికీ తల వంచి వెళ్ళిపోయాడు.

"అదేంది, ఇప్పుడే గందా వచ్చాడు?" అన్నాడు నాన్న.

ఐజాదా మొహం ఎర్రబడింది. నా చెవి దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ ఇళ్ళలో టీ కొంచెం కొంచెంగా పోస్తారు. ఎన్నిసార్లు పోస్తే అంత ప్రేమ. ఇంకా కాసేపు కూర్చో, నీకు మళ్ళీ మళ్ళీ పోసే పని నాకు ఉండనీ అని దాని అర్థం. ప్యాలా నిండా పోసి ఇచ్చారంటే తాగి లేవమని. ఇంక దయచేయమని.

నాన్నకి ఎలా చెప్పాలి? చెప్పాను. ఆయన కూజాని దూరంగా జరిపాడు. ఐజాదా అక్కడితో ఆగలేదు.

"ఆసుపత్రికి నాయనమ్మని కారులో తీసుకొచ్చింది ఈయనే కరుణా. ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళని రానివ్వరు. అందుకే నువ్వు చూడలేదు. నాలుగు రోజులు ఆవరణలో కార్లోనే ఉన్నాడు. ఏ మందు కావాలన్నా పరుగెత్తింది ఆయనే. నీకు పట్టించిన గుర్రం మాంసం చారు ఆయన కూతురు కాచి పంపిందే. ఇవాళ నిన్ను చూద్దామనే వచ్చాడు."

మైనస్ పద్దెనిమిదిలో నాలుగు రోజులు. నాకు తెలియని మనిషి. నాకు గుర్రం మాంసం సంగతి కూడా అప్పుడే తెలిసింది గాని దానికి అదిరిపోయే తీరిక లేకపోయింది. ఒక్కొక్క మాటా నాన్నకి తెలుగులో చెప్పుకుంటూ పోయాను. చివరికి వచ్చేసరికి ఆయన రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

"నా బిడ్డకి కాపలా కాసిన మనిషిని ఇంట్లోంచి ఎల్లగొట్టానా!"

నాయనమ్మ నాన్న భుజం తట్టి నవ్వి ఏదో అంది. అతిథికి తెలియదు, మా అన్నకి కోపం రాదు అని. నాన్నకి మాత్రం ముద్ద దిగలేదు.

నాలుగో రోజు పొద్దున రంగురాళ్ళ లోయ ఒకటి చూడాలని అనుకున్నాం. టాక్సీ కూడా మాట్లాడింది ఐజాదా. ఆరున్నరకే నాన్న స్నానం చేసి, చర్చికి పోయేటప్పుడు వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. "లోయ ఎక్కడికీ పోదు. ముందు ఆ పెద్దాయన ఇంటికి పోదాం పా. తప్పు చేసినోడు ఎండెక్కేదాకా పడుకోకూడదు." నేను రాత్రి జ్వరంతో సరిగా నిద్రపోలేదు. ఇంకో మాత్ర వేసుకుని బయల్దేరాను.

అదే టాక్సీలో పది నిమిషాలు. తుర్గున్ తాత ఇంట్లో లేడు. తోట వెనక పిల్లకాలువ దగ్గర పార పట్టుకుని బంగాళాదుంప మడికి నీళ్ళు మళ్ళిస్తున్నాడు. నాన్న చెప్పులు విడిచి, ఆయన ముందు నిలబడి చేతులు జోడించాడు. నాన్న తెలుగు, నా ఇంగ్లీషు, ఐజాదా కిర్గిజ్. మాట మూడు గట్లు దాటి పోవాలి.

"తప్పు నాది. తెలియక చేశా. తెలియలేదనేది కూడా సాకే. అడిగి తెలుసుకోవాల్సింది. మన్నించు."

యాభై ఏళ్ళ మా నాన్న ఎవరి ముందైనా అలా నిలబడడం నేను చూడలేదు. ఇంజనీర్ల ముందు కూడా.

తాత పారని నేలలో గుచ్చి నవ్వాడు. "నీకు తెలియదని నాకు తెలుసు."

"మరెందుకు లేచి పోయావు?"

"నిండు ప్యాలా ఇచ్చాక కూర్చుంటే నా మర్యాద ఏం కావాలి? కాని రాత్రి నాకూ నిద్ర లేదు. వచ్చిన పని అడక్కుండానే లేవాల్సి వచ్చింది." ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నీ ఊపిరితిత్తులు ఎట్లా ఉన్నాయి? ఇప్పుడు అంతా బాగేనా?"

ఒళ్ళు కాలుతోంది. కళ్ళు మండుతున్నాయి. "చాలా బాగున్నాను తాతా" అన్నాను. ఐజాదా ఆయనకి చెప్పింది. నేను ఆ మాటనే నాన్నకి తెలుగులో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఒక అబద్ధాన్ని రెండు భాషల్లో ఆడాను. అదీ అప్పుడే తప్పు ఒప్పుకున్న మనిషి ఎదుట. సిగ్గుతో నాకు చెమట పట్టింది. లేదా మాత్ర పనిచేయడం మొదలెట్టిందేమో.

నాన్న కళ్ళు అప్పటికే కాలువ మీద పడ్డాయి. గట్టులో ఎలుక బొరియ ఉందట, బయటి వైపు తడి కనబడుతోంది. చొక్కా విప్పి ఐజాదా చేతికిచ్చి పార పీకి, గడ్డి పెళ్ళలు కోసి బొరియలో కుక్కి తొక్కాడు. తాత గుడ్లప్పగించి చూశాడు. తర్వాత అడిగితే తెలిసింది, తాత ఆ ఊరికి పాతికేళ్ళు మురాప్. అంటే వంతుల వారీగా ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళు పోవాలో చూసే మనిషి. నేను ఆ మాట నాన్నకి చెప్పగానే ఆయన బురద చేత్తోనే తన గుండె మీద కొట్టుకుని "లస్కరు, లస్కరు!" అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరి అనువాదంతో వాళ్ళకి పని లేకపోయింది. పదకొండింటి దాకా గట్టు వెంట ఒకళ్ళ వెనక ఒకళ్ళు తిరిగారు. నీళ్ళు దొంగిలించేవాళ్ళని తిట్టుకుంటున్నారని మాత్రం చేతులు చూస్తే అర్థమైంది.

తర్వాత వాళ్ళింట్లో టీ. తాత కూతురు పావు ప్యాలా పోసింది. నాన్న రెండు చేతుల్తో తీసుకుని, చిన్న చిన్న గుక్కలుగా తాగి, ఖాళీ ప్యాలా ముందుకు జరిపాడు. మళ్ళీ పోసింది. ఎన్నిసార్లో నేను చూడలేదు. నాన్న మొహంలో ముడతలన్నీ విడిపోయాయి.

"ఎప్పుడు వెళ్తారు?" అని తాత అడిగాడు.

"బుధవారం."

"ఇద్దరూనా?"

నాన్న నా వైపు చూశాడు. "ఇంకా తేల్చుకోలా" అన్నాడు. అమ్మయ్య, తేల్చుకోలేదంటే సగం గెలిచినట్టే అనుకున్నాను.

అయిదో రోజు తిరుగు వ్యాను. నాకు ఎక్కినదే గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి బిష్కెక్ వచ్చేసింది, నా తల నాన్న భుజం మీద ఉంది. మిగతా మూడు రోజులూ దగ్గర్లో కొండ ఉద్యానవనం, పాత గోపురం చూడాల్సింది. పరీక్ష పుస్తకాలు సర్దుకోవాలని చెప్పి ఐజాదాని నాన్నకి తోడిచ్చి పంపి, నేను గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. జ్వరం తగ్గుతోంది, వస్తోంది. నాన్న నా చదువు మాట ఎత్తలేదు. కాలేజీకి పోయి గేటు బయట నిలబడి చూసి వచ్చాడని ఐజాదా చెప్పింది. మంగళవారం సాయంత్రం మాత్రం, "నీ పెట్టె కూడా సర్దుకో. విమానాశ్రయంలో చెప్తా" అన్నాడు. ఇదేం పద్ధతి అని దెబ్బలాడాను. ఆయన తన పెట్టె సర్దుకుంటూ పోయాడు.

వచ్చేవాళ్ళకి ఇక్కడే నాలుగు మాటలు. వ్యాన్లలో ముందు సీటు దొరికితే వదలకండి. సరస్సు దగ్గర ఆగస్టులో కూడా స్వెట్టర్ కావాలి. ఎవరింటికైనా పోతే టీ పోసే పని వాళ్ళకే వదిలేయండి.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకి విమానాశ్రయం. నేను, నాన్న, సాగనంపడానికి ఐజాదా. రెండు పెట్టెలు. క్యూ నెమ్మదిగా కదులుతోంది. నాన్న చేతిలో రెండు పాస్‌పోర్టులున్నాయి. మా వంతు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి ఇంగ్లీషులో ఎంతమంది అని అడిగింది.

నాన్న నా వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు బాగా తెలుసు, నోరు మూసుకుని నవ్వుతూ నిలబడితే ఆయన నన్ను వదిలి వెళ్ళిపోతాడు. తుర్గున్ తాత, నాయనమ్మ, ఆ కాలువ గట్టు, అన్నీ నా పక్షానే ఉన్నాయి. నేను ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. కాని చెప్పులు విడిచి పెద్దాయన ముందు చేతులు జోడించిన నాన్న కళ్ళలో మెదిలాడు. నా నోటితో నేనే నా చదువుని చెరుపుకోబోతున్నానని తెలిసి కూడా నోరు తెరిచాను.

"నాన్నా, నాకు జ్వరం. సరస్సు దగ్గర్నుంచీ ఉంది. మాత్రలేసుకుంటూ తిరిగా. తాతతో కూడా అబద్ధం చెప్పా."

ఏడుపు వచ్చేసింది. వెనక క్యూలో వాళ్ళు చూస్తున్నారు. నాన్న నా నుదురు తాకి చూడలేదు.

"తెలుసు" అన్నాడు. "వ్యానులో నా బుజం మీద పడుకున్నావు గందా. చొక్కాలోంచి కాలింది. అప్పట్నించీ ఎప్పుడు చెప్తావా అని చూత్తన్నా. రోజూ రాత్రి నువ్వు నిద్రపోయాక చెయ్యేసి చూత్తానే ఉన్నా. ఎక్కువయ్యుంటే ఎత్తుకుపోయేవాణ్ణి ఆసుపత్రికి. ఇక్కడి దాకా వచ్చి కూడా దాస్తే మాత్రం, నీ మొహం చూడకుండా ఇంటికి తీసకపోదామనుకున్నా."

నాన్న తన పాస్‌పోర్టు ఒక్కటే కౌంటరు మీద పెట్టి, రెండోది నా చేతిలో పెట్టాడు. ఐజాదా వచ్చి నా పెట్టె పక్కకి లాగింది.

"పొయ్యి డాక్టరుకి చూపించుకో" అన్నాడు. "నేను ఢిల్లీలో దిగేసరికి జ్వరం ఎంతుందో నాకు మెసేజి రావాల. అమ్మకి నువ్వే చెప్పు."

టాక్సీలో తిరిగి వస్తుంటే దారంతా ఆ రోడ్డు పక్క కాలువలనే చూస్తూ కూర్చున్నాను. ఆ దేశాన్ని నాన్నకి చూపిస్తానని బయల్దేరింది నేను. రెండేళ్ళలో నేను చూడనివన్నీ ఆయన నాకు చూపించి వెళ్ళాడు. ఆసుపత్రిలో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఊపిరితిత్తులు బాగున్నాయి, గొంతులో ఇన్ఫెక్షన్, వారం రోజులు మందులు వాడమంది. నర్సు థర్మామీటర్ తీసి చేతికిచ్చింది. నేను ఫోన్ తీసి నాన్నకి నూట ఒకటి పాయింట్ నాలుగు అని, ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను.